భుజం మీద నాలుగు వేళ్ళు

మా హాస్టలుకు వచ్చిన దొరసానుల మీద నాకు కోపం. ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను అనుకోనూ లేదు. వాళ్ళు మంచివాళ్ళు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. చెడ్డవాళ్ళయి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

పెనుకొండలో ఊరు దాటాక, కొండకు దిగువన ఉండేది మా హాస్టలు. గేటు మీద ఇంగ్లీషులో అనాథ పిల్లల ఆశ్రమం అని రాసుండేది. ఊళ్ళోవాళ్ళూ మేమూ మాత్రం హాస్టలనే అనేవాళ్ళం, ఎందుకంటే మాలో నిజంగా ఎవరూ లేనివాళ్ళు తక్కువ. ఒకరికి నాయన లేడు, ఒకరికి అమ్మ లేదు. కొందరికి ఇద్దరూ ఉండేవాళ్ళు, వాన లేని ఏడు ఇంట్లో సంగటికి కరువొచ్చి తెచ్చి వదిలారు. మాది బత్తలపల్లి దగ్గర పల్లె. నాయన బోర్లు వేసే లారీతో పనికి పోయి, తిరిగి రాలేదు. అప్పుడు అమ్మ ధర్మవరం పోయి, పట్టుచీరల మగ్గాలున్న ఒక ఇంట్లో కండెలు చుట్టే పనికి కుదిరింది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం, దానికి రాట్నం మీద పట్టుదారం చుట్టాలి. ఆ మగ్గాల యజమాని నన్ను కూడా తెచ్చి కూర్చోబెట్టమన్నాడట, చిన్న వేళ్ళకు దారం బాగా లొంగుతుందని. అమ్మ ఆ మాట విన్న వారంలోనే నన్ను పెనుకొండ తెచ్చి హాస్టల్లో చేర్చింది. హాస్టల్లో సీటు పోతే నాకు మిగిలేది ఆ రాట్నమేనని అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

నెలకొక ఆదివారం అమ్మ ప్యాసింజరు రైల్లో వచ్చేది. గేటు లోపల వేపచెట్టు కింద కూర్చుని వేయించిన చెనిక్కాయలూ బెల్లమూ పెట్టేది. నేను తింటూ ఉంటే వెనక కూర్చుని నా తల దువ్వేది. పేలు చూసి, నూనె రాసి, బిగించి ఒకటే జడ వేసి, చివర్న ముడికి మగ్గాల ఇంట్లో తెగిపోయిన పట్టుదారం పోగులు కట్టేది. ఒకసారి వంగపండు రంగు, ఒకసారి చిలకపచ్చ, ఆ నెలలో ఏ చీర దిగితే ఆ రంగు. నాకు అమ్మ ముఖం కన్నా అమ్మ వేళ్ళే ఎక్కువ గుర్తున్నాయి, ఎప్పుడూ నా వెనకే కూర్చునేది కాబట్టి. రంగు దిగని వేళ్ళవి, ఎంత తోమినా గోళ్ళ సందుల్లో ఎరుపు ఉండేది.

తొంభైలలో ప్రతి ఏడూ క్రిస్మస్ అయిపోయాక దొరసానులు వచ్చి రెండు వారాలు ఉండేవాళ్ళు. ఏ దేశమో నాకు బాగా గుర్తుంది, కానీ చెప్పను. సెలవులు పెట్టుకుని, సొంత ఖర్చులతో, అనాథలకు సేవ చేయడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ హాస్టలుకు వేరే చట్టం. ఎవరి తల్లులూ రాకూడదు, ఎవరూ ఇంటి మాట ఎత్తకూడదు. అమ్మ ఉందా అని దొరసాని అడిగితే తల అడ్డంగా ఆడించి "నో మదర్" అనాలి. దొరసానులు వచ్చే ముందు వారమంతా వార్డెనమ్మ మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆ మాట పలికించేది. మడకశిర వైపు మనిషి ఆమె, కన్నడమూ తెలుగూ ఇంగ్లీషూ మూడూ గడగడా మాట్లాడేది, మూడు భాషల్లోనూ తిట్టేది. పలకనివాళ్ళకు స్కేలుతో వేళ్ళ కణుపుల మీద పడేది.

"వాళ్ళు అనాథల కోసం ఇంత దూరం వస్తాండారు. మీకు అమ్మలుండారని తెలిస్తే రేపట్నుంచి అన్నం ఎవురు పెడతారే మీకు?" అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే ఆమె మీద నా కోపం సగమే. మిగతా సగం కూడా దొరసానుల ఖాతాలోకే పోయింది.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు వచ్చిన గుంపులో ఒక పొడుగామె ఉండేది. పేరు నోరు తిరక్క మేం పొడుగామె అనే అనుకునేవాళ్ళం. వచ్చిన మొదటిరోజే ఆమె నన్ను చూసి, ఎందుకో తెలియదు, ఈ పాప నాది అంది. అంటే ఆ గుంపులో ఒక్కొక్కరూ ఒక్కో పాపను పెట్టుకునేవాళ్ళు, సంతలో మేకపిల్లను చూసుకున్నట్టు. అప్పట్నుంచీ నేను ఆమె పక్కన కూర్చోవాలి, ఆమె చెయ్యి పట్టుకుని నడవాలి, ఆమె ఒళ్ళో కూర్చుని ఫోటో దిగాలి. పదకొండేళ్ళ ఆడపిల్ల ఒకరి ఒళ్ళో కూర్చోదని ఆమెకు తెలియదు. నన్ను "మమ్మీ" అని పిలవమనేది. నేను పిలిచేదాన్ని. అదేమంత కష్టం కాదు, మా పల్లెలో ఎవరూ అమ్మను అలా పిలవరు కాబట్టి నాకది ఉత్త ఇంగ్లీషు మాట.

వాళ్ళు చేసిన సేవ ఏమిటంటే, అన్నం తినే హాలు గోడల మీద చేపలూ ఏనుగులూ బొమ్మలు గీశారు. మంచి సున్నం కొట్టిన గోడ, అంతకు ముందు నెలలోనే కొట్టించింది. మాకు చప్పట్ల పాటలు నేర్పారు. పళ్ళు ఎలా తోముకోవాలో నేర్పారు, మేం అప్పటిదాకా తోముకోవట్లేదనుకున్నట్టు. రోజూ సాయంత్రం మేం ఆడుకునే వేళకు కెమెరాలు పట్టుకుని మా మధ్యకు వచ్చేవాళ్ళు. అప్పుడిక ఆట సాగేది కాదు, అందరం నిలబడి నవ్వాలి. కుంటాట ఆడుతూ కాలు మడిచి ఒంటికాలి మీద ఉన్నప్పుడు కూడా అలాగే ఉండి నవ్వాలి. నాకు ఆ ఏడు నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి. ఇది ఎకసెక్కానికి చెబుతున్నది కాదు, నిజంగానే నొప్పి పుట్టాయి.

అన్నిటికన్నా ఘోరం వాళ్ళు వెళ్ళిపోయే వారం. గురువారం నుంచే ఏడుపు మొదలు. అన్నం తింటూ ఏడుస్తారు, మా తల నిమురుతూ ఏడుస్తారు, ఒకర్నొకరు కావలించుకుని ఏడుస్తారు. వాళ్ళు ఏడిస్తే మేం కూడా ఏడవాలని వార్డెనమ్మ కళ్ళతో సైగ చేసేది. పెద్ద పిల్లలు బాగా ఏడ్చేవాళ్ళు. వాళ్ళకు ఏడవడానికి ఇంటి కారణాలు చాలా ఉండేవి, అవన్నీ కలిపి ఆ వారం ఏడ్చేసేవాళ్ళు. దొరసానులు మాత్రం తమ కోసమే అనుకునేవాళ్ళు.

పొడుగామె ఆ వారం నన్ను ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుని, నిన్ను నా సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళిపోతాను అనేది. వార్డెనమ్మ దాన్ని నాకు తెలుగులో చెప్పి నవ్వేది. నాకు నవ్వు రాలేదు. ఆమె సంచి నిజంగానే నేను పట్టేంత పెద్దది, చక్రాలు కూడా ఉన్నాయి. హాలు మూలన పెట్టి ఉండేది, నేను దాని పక్కనుంచి నడిచేదాన్ని కాదు.

సరిగ్గా అలాంటి మాటే ధర్మవరంలో అమ్మ చెవిన కూడా పడింది. బత్తలపల్లి నుంచి మగ్గాల ఇంటికి వచ్చిన ఒకామె, పెనుకొండ హాస్టల్లో దొరసానులు పోయేటప్పుడు మంచి పిల్లోళ్ళను ఏరుకుని ఎత్తుకపోతారంట అని చెప్పిందట. అమ్మ చేతిలో ఉన్న కండె అలాగే వదిలేసి స్టేషనుకు వచ్చేసింది. యజమానికి కూడా చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం హాస్టలు వెనక గేటు దగ్గర అమ్మ వార్డెనమ్మ కంట్లో పడింది. ఇదంతా నేను చూడలేదు, తర్వాత అమ్మే చెప్పింది. వెళ్ళిపొమ్మంటే అమ్మ పోలేదట. గేటు దగ్గర నేల మీద కూర్చుని కొంగు నడుముకు బిగించి, "నా బిడ్డ ఆ బస్సు ఎక్కలేదని నా కండ్లతో సూసినాంక పోతా" అందట. దొరసానులు గోడకు ఆవలే ఉన్నారు.  వార్డెనమ్మ ఏదీ ఎటూ తెమలకుండా వదిలే మనిషి కాదు, అక్కడికక్కడే తేల్చేసింది. వంట చేసే ఆమె ఊరికి పోయింది కాబట్టి ఆ చోట్లో అమ్మ వంటమనిషిగా ఉండొచ్చు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట్లాడితే నన్ను అప్పుడే, ఆ చీకటి పడేలోగానే తీసుకుపోవాలి, మళ్ళీ సీటు అడగకూడదు.

అమ్మ ఒప్పుకుంది.

ఆ సాయంత్రం అన్నం వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ముందున్న పిల్లలు గుసగుసలాడుతూ వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. ఎందుకో అర్థం కాలేదు. నా వంతు వచ్చేసరికి పప్పు గంటె పట్టుకున్న చేతి గోళ్ళ సందున ఎరుపు కనబడింది. తలెత్తి చూశాను. అమ్మ. ఆమె నా తల మీదుగా వెనకనున్న పాపను చూస్తోంది. నా పళ్ళెంలో అందరికీ వేసినంతే పప్పు వేసింది, ఒక చుక్క ఎక్కువ వేయలేదు. పక్కనుంచి వార్డెనమ్మ నడువు నడువు అంది. నేను నడిచాను. ఆ పప్పన్నం పొడుగామె పక్కన కూర్చుని తిన్నాను. ఆమె నా చెంప నిమిరి, ఈ రోజు పప్పు చాలా బాగుంది అన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించింది.

పక్కపాప నా చెవిలో జరిగిందంతా చెప్పింది, వెనక గేటు దగ్గర ఎవరో పిల్లలు విన్నారట. హాస్టల్లో ఏదీ దాగదు. ఆ రాత్రికి అందరికీ తెలుసు, దొరసానులకు తప్ప.

శనివారమంతా అమ్మా నేనూ ఒకే కాంపౌండులో ఉన్నాం. ఆమె నీళ్ళు తోడుతూ ఉంటే నేను తోటకూర మడి పక్కన దొరసానికి చప్పట్ల పాట పాడి వినిపిస్తున్నాను. అమ్మ చూపు నా మీద పడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండిందో అప్పుడు సరిగ్గా తెలియలేదు. వచ్చింది కదా, వచ్చి నన్ను లాక్కుని పోవచ్చు కదా అనిపించింది. లేకపోతే రాకుండా ఉండొచ్చు కదా అని కూడా అనిపించింది.

ఆదివారం ఉదయం వీడ్కోలు సభ. మధ్యాహ్నం బస్సు. దొరసానులందరూ ధర్మవరం పట్టుచీరలు కొనుక్కుని కట్టుకున్నారు. వార్డెనమ్మ వాళ్ళకు పిన్నులు పెట్టి పెట్టి అలసిపోయింది. పొడుగామెకు చీర చీలమండల పైకే వచ్చింది. ఒకామె పవిటను మెడకు మఫ్లరులా చుట్టుకుంది. నెలల తరబడి కండెలు చుట్టే అమ్మ ఒంటి మీద ఎప్పుడూ పట్టు పడలేదు, ఇప్పుడు అదే పట్టు కట్టినవాళ్ళకు ఇడ్లీలు పెడుతోంది. అమ్మకు మాత్రం అదేమీ పట్టలేదు. ఆమె దృష్టంతా హాలు మూలనున్న చక్రాల సంచి మీదే ఉంది.

పొడుగామె ఆ రోజు నన్ను తనే తయారు చేస్తానని పట్టుబట్టింది. నాకు గౌను వేసింది, తల దువ్వింది. మన జుట్టు ఆమె చేతికి ఎక్కడ లొంగుతుంది? చిక్కు తియ్యకుండా పైనుంచి లాగి, రెండు పిలకలు చేసి, వాటికి రబ్బరు బ్యాండ్లు వేసి, మెరిసే క్లిప్పులు నాలుగు గుచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె వాటిని చూసి, నేను వెళ్ళిపోతున్నానని ఏడుస్తోంది అని పక్కామెకు చెప్పింది. అప్పటికి నాకు అంత మాత్రం ఇంగ్లీషు వచ్చు.

పది అడుగులు నడిచేసరికి ఒక పిలక ఊడింది. నేను నీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి పోయాను. అమ్మ ఒక్కతే ఉంది, ఉల్లిగడ్డలు తరుగుతోంది. నన్ను చూసి తల దించుకుంది. నేను కుండలోంచి నీళ్ళు ముంచుకుని అటు తిరిగి తాగుతున్నాను. వెనకనుంచి అమ్మ చెయ్యి వచ్చి నా గౌను పట్టుకుని కిందికి లాగింది. నేను కూర్చున్నాను. ఒక్క మాట లేదు. క్లిప్పులు తీసి పక్కన పెట్టింది, వేళ్ళతోనే పాయలు తీసింది, నున్నగా బిగించి ఒకటే జడ వేసింది. కొంగు ముడి విప్పి అందులోంచి పట్టుదారం తీసింది. పసుపుపచ్చది. ఆ హడావుడిలో కూడా, బిడ్డను ఎత్తుకుపోతున్నారన్న భయంలో కూడా, దారం తెచ్చింది. ముడి వేస్తూ ఉండగా గుమ్మంలో కెమెరా చప్పుడైంది.

గుమ్మంలో పొడుగామె. ఆమె వెనక, ముఖం పాలిపోయి, వార్డెనమ్మ.

అయిపోయింది అనుకున్నాను. సీటు పోయింది, ఇక సాయంత్రం ధర్మవరమే. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, ఒక రకంగా హాయిగా అనిపించింది.

పొడుగామె లోపలికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ దారం ముడిని వేలితో తాకింది. అమ్మను చూస్తూ ఏదో అడిగింది. వార్డెనమ్మ గొంతు సవరించుకుని తెలుగులో చెప్పింది.

"నీకు పిల్లోళ్ళు ఉండారా అని అడుగుతాంది."

అమ్మ వార్డెనమ్మను చూసింది. తర్వాత నన్ను చూసింది. చేతిలో నా జడ ఇంకా అలాగే ఉంది.

"లేరమ్మా" అంది.

ఆ మాట విన్నాక నేను జడ లాక్కున్నాను. పొడుగామె కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. వార్డెనమ్మతో గబగబా మాట్లాడింది, రెండు చేతులూ ఆడిస్తూ, ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు. వార్డెనమ్మ వింటూ వింటూ ఊపిరి పీల్చుకుంది. అది నాకు వినబడింది. ఈ తల్లికి పిల్లలు లేరు, ఈ పిల్లకు తల్లి లేదు, దేవుడు వీళ్ళిద్దర్నీ ఒకే వంటింట్లోకి ఎందుకు తెచ్చాడో మీకు కనబడటం లేదా అని ఆమె అడిగిందట. ఈమెను ఇక్కడే పెట్టుకోండి, ఈ పాపను ఈమె చేతిలో పెట్టండి అందట. తర్వాత నా చెయ్యి తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ చేతికి ఉల్లిగడ్డ వాసన. మా ఇద్దరి మధ్య తను దూరి, ఒక చెయ్యి నా భుజం మీదా ఒక చెయ్యి అమ్మ భుజం మీదా వేసుకుని, ఇంకో దొరసానిని పిలిచి ఫోటో తీయించుకుంది.

అంతటితో ఊరుకుని ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదేమో. సభలో ఆమె ఆ కథంతా మైకులో చెప్పింది. మిగతా దొరసానులు కర్చీఫులు తీశారు. వార్డెనమ్మ ఒక్కో వాక్యమూ తెలుగులోకి మార్చి మాకు చెబుతోంది. మాకు, అంటే అమ్మ ఎవరో ఎరిగిన పిల్లలందరికీ. చెప్పడం అయ్యాక పొడుగామె వంటింటి వైపు చెయ్యి చూపి అమ్మను స్టేజి మీదికి పిలిపించింది, నన్నూ పిలిచింది. చప్పట్లు కొట్టమంది. దొరసానులు కొట్టారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వాళ్ళూ కొట్టారు. ఏనుగులూ చేపలూ ఉన్న ఆ హాలంతా చప్పట్లు. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

అప్పుడు పొడుగామె నా ముందు వంగి, చాలా మెల్లగా, ముద్దుగా ఒక మాట అంది. వార్డెనమ్మ దాన్ని అందరికీ వినబడేలా చెప్పింది.

"ఈమెను అమ్మా అని పిలువు."

మూడు వారాల పాటు ఆ మాట నా నోట రాకూడదని కణుపుల మీద కొట్టారు. ఇప్పుడు అదే మాట పలకమంటున్నారు, అదీ మైకు ముందు, ఆమె నాకు ఇచ్చిపోతున్న బహుమతి లాగా. మిగతా పిల్లలకు బెలూన్లు ఇచ్చారు, నాకు అమ్మను ఇస్తున్నారు. నేను నోరు మూసుకున్నాను. వార్డెనమ్మ వెనకనుంచి గౌను కింద చెయ్యి పెట్టి నడుం మీద గిల్లింది, మెలితిప్పి గిల్లింది. నోరు విప్పలేదు. అమ్మ నా వైపు చూసింది. పిలువు తల్లీ, అయిపోతుంది అన్నట్టు, బతిమాలుతున్నట్టు చూసింది. ఆ చూపుకైనా నేను లొంగలేదు. నా అమ్మను నేను ఎవరి దగ్గరా దానం పుచ్చుకోదలుచుకోలేదు. ఆ వయసులో ఇన్ని మాటలు నాకు తట్టి ఉండవు, కడుపులో ఉన్నది మాత్రం ఇదే. దాన్ని ఇప్పటికీ తప్పనుకోవడం లేదు.

అమ్మ ఏడ్చేసింది. దొరసానులు అది ఆనందమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పొడుగామె నా తల నిమిరి, సిగ్గుపడుతోంది, మెల్లగా అలవాటవుతుంది అంది.

మధ్యాహ్నం వాళ్ళ బస్సు వచ్చింది. సంచులన్నీ పైకి ఎక్కిస్తుంటే అమ్మ గేటు దగ్గరే నిలబడింది. చక్రాల సంచిని ఇద్దరు మోసుకొచ్చినప్పుడు దగ్గరికి పోయి, సాయం పడుతున్నట్టుగా చెయ్యి వేసి, అటూ ఇటూ నొక్కి చూసింది. అది చూసి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పొడుగామె బస్సు ఎక్కే ముందు అమ్మను కావలించుకుంది, నన్ను కావలించుకుంది, మళ్ళీ అమ్మను కావలించుకుంది. బస్సు మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా అమ్మ అక్కడే ఉంది. నేను ఇవతలే ఉన్నానా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది కూడా.

వార్డెనమ్మ మాట మీద నిలబడింది, సీటు ఉంచింది. వంటమనిషి సోమవారం వస్తుంది, ఇక పొమ్మని అమ్మకు చెప్పింది. అమ్మ తన గుడ్డసంచి తీసుకుంది. వేపచెట్టు దాకా నేను వెంట పోయాను కానీ మాట్లాడలేదు.

"కోపమా?" అని అడిగింది అమ్మ.

నేను పలకలేదు.

"నువ్వు ఈడ సదువుకోవల్లని అట్లంటి. నాకు పిల్లోళ్ళు లేరని నేను అంటే లేకుండా పోతావా నువ్వు?"

నేను జడ ముందుకు వేసుకుని దారం ముడి లాగుతూ నిలబడ్డాను. అమ్మ పోయొస్తా అని గేటు దాటింది. స్టేషను దారిలో కొంత దూరం పోయాక నాకు ఆగలేదు. గేటు కమ్మీలు పట్టుకుని, గొంతు చించుకుని "అమ్మా" అని అరిచాను.

అమ్మ ఉలిక్కిపడి ఆగింది. ముందు అటూ ఇటూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని. రోడ్డు చూసింది, హాస్టలు కిటికీలు చూసింది. ఆ తర్వాతే నన్ను చూసింది. నా కోపమంతా ఆ చూపు దగ్గరే ఉంది. కడుపున పుట్టిన బిడ్డ అమ్మా అని పిలిస్తే మనిషి ముందు చుట్టుపక్కల చూసుకునేలా చేసి పోయారు వాళ్ళు.

ఆ తర్వాత అమ్మ మామూలుగానే నెలకోసారి వచ్చేది. కొన్ని నెలలకు పొడుగామె ఫోటోలు పంపింది. జడ వేస్తున్నప్పుడు తీసింది వాటిలో లేదు, ముగ్గురం ఉన్న వంటింటి ఫోటో వార్డెనమ్మ నాకిచ్చింది. చింపేద్దామనుకున్నాను. అమ్మ లాక్కుని కొంగున కట్టుకుపోయి, ధర్మవరంలో తన రేకుపెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది. నాతో కలిసి ఫోటో ఏదీ లేదని, ఇదొకటే ఉందని అంది. మధ్యలో ఆమె ఉంది కదా అన్నాను. "ఉంటే ఉండనీలే, మనకేం అడ్డం" అంది. అమ్మకు పొడుగామె మీద కోపం లేదు. పైగా, పాపం మంచిదే అనేది. అలా అన్నప్పుడల్లా నేను లేచి అవతలికి పోయేదాన్ని.

ఆ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివాను. తర్వాత ఇంకా చదివి హిందూపురంలో ఉద్యోగం తెచ్చుకున్నాను. అమ్మను రాట్నం దగ్గర్నుంచి లేపి నా దగ్గరికి తెచ్చుకున్నాను. నాకు పెళ్ళయ్యాక కూడా ఆఫీసుకు పోయే ముందు నన్ను కూర్చోబెట్టి జడ వేసేది. రెండు వేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో, నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

దినం నాటికి గోడకు పెట్టడానికి ఫోటో కావాలి. అమ్మ ఓటరు కార్డులో ఉన్నది ఎవరో దేవుడికే తెలియాలి. నా పెళ్ళి ఫోటోలన్నిట్లో తల వంచుకునో, ఎవరి వెనకనో ఉంది. చివరికి రేకుపెట్టె తెరిచి ఆ వంటింటి ఫోటోనే తీశాను. అందులో అమ్మ ముఖం తేటగా ఉంది, నేరుగా చూస్తోంది. దాన్ని పట్టుకుని హిందూపురం బజార్లో స్టూడియోకు పోయాను. అప్పటికి వాళ్ళకు కంప్యూటర్లు వచ్చేశాయి. అక్కడి అతను ఫోటోను తెర మీద పెద్దది చేసి చూపించాడు.

"మీ ఇద్దరూ ఉండాలంటే ఈ దొరసాని నడిమధ్యలో ఉండాదక్కా. ఆమెను తీసేసి మీ ఇద్దర్నీ పక్కపక్కన కలిపేస్తా. ఎవురికీ తెలీదు" అన్నాడు.

"మమ్మల్ని ఇంకొకరు కలపాల్సిన పన్లేదు. అమ్మనొక్కదాన్నే కత్తిరించు" అన్నాను.

గట్టిగానే అని ఉంటాను. అతను మళ్ళీ ఏమీ అడక్కుండా అమ్మను కత్తిరించాడు. పొడుగామె పోయింది కానీ ఆమె చెయ్యి మొత్తం పోలేదు, అమ్మ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. తీసెయ్యమంటే, అక్కడ చీర మడత చెడిపోతుంది, ముఖం పక్కనే కాబట్టి బాగుండదు అన్నాడు. మరుసటి రోజు ఫ్రేము కట్టించి ఇచ్చేటప్పుడు చూస్తే ఆ వేళ్ళ తెలుపు తగ్గించి, మన రంగు వేసి ఉంది. తెల్లగా ఉంటే చూసేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుందని, అడక్కుండానే, తన మంచితనం కొద్దీ వేశాడు.

ఆ ఫోటో మా ఇంటి హాల్లో ఉంది. వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, అమ్మ భుజం మీదున్న ఆ వేళ్ళు నావే అనుకుంటారు. చిన్నప్పుడు ఎంత గట్టిగా పట్టుకున్నావో చూడు అంటారు. నావి కాదని ప్రతిసారీ చెబుతాను.